పాత గుమ్మడి విత్తనాల అర

నార్ఫోక్ ద్వీపం
జూలై 9

ఒసే గవ్వా,

కొంపలేమీ మునగలేదు, కంగారుపడకు. కవరు మీద నా చేతిరాత చూడగానే ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. పోయింది పెన్‌డ్రైవ్.

అక్కడ యూనివర్సిటీ కంప్యూటర్ల గదిలో ముప్ఫై ఏళ్ళు నువ్వేం వెలగబెట్టావో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను, నాకు అవసరం పడింది కాబట్టి.

మా ఇంట్లో ఇప్పుడు మూడు కంప్యూటర్లు. స్కూలువాళ్ళు పాతవని పారేస్తుంటే తుప్పు బండిలో వేసుకొచ్చి, దుమ్ము దులిపి, లైనక్స్ ఎక్కించాడు. తుప్పు గుర్తున్నాడుగా? మన వెనక బెంచీలో కూర్చుని నీ జడకి పీతని కట్టిన ఎడ్విన్. మన దీవి ఫోన్ పుస్తకంలో ఇప్పటికీ తుప్పు అనే ఉంటుంది, ఎడ్విన్ అని వెతికితే దొరకడు. ఏడేళ్ళుగా మా పెరటి షెడ్డులోనే పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. వంటింట్లో కంప్యూటర్ నాది, వంటల చిట్టా, అతిథుల గది బుకింగులు అందులో ఉంటాయి. ముందు గదిలోది వదినది. షెడ్డులోది తుప్పుది. మూడింటికీ కలిపి ఒక్కటే పెన్‌డ్రైవ్. అది ఇల్లంతా పిల్లిలా తిరుగుతుంది, కావలసినప్పుడు మాత్రం కనపడదు. పోయినవారం వదిన తాను పాడి రికార్డు చేసుకున్న నలభై కీర్తనలు అందులో ఎక్కించి తుప్పుకిస్తే, తుప్పు దాన్ని ప్యాంటు జేబులో వేసుకుంటే, ఆ ప్యాంటు నేను ఉతికేశాను.

అతని ప్యాంటు నువ్వెందుకు ఉతికావని అడగకు. గ్రీజు అంటింది, పాపం.

వదిన సంగతి తెలుసుగా. మా ఆయన కోలిన్ పోయి తొమ్మిదేళ్ళు, అప్పట్నుంచీ నేనూ, కోలిన్ అక్కా ఈ ఇంట్లో ఒకే కెటిల్‌తో బతుకుతున్నాం. ఊరు ఆవిడకి పెద్దగంట అని ఊరికే పేరు పెట్టలేదు. ఆ కీర్తనల కోసం మూడు రోజులు అరిచింది. చర్చిలో ఫాదర్ గారు కూడా నన్ను ఆపి "ఏమైందమ్మా ఎట్టీ, పెన్‌డ్రైవటగా?" అని అడిగారు.

ఇంట్లో ఒక్క పెట్టె పెట్టి, అన్నీ అందులోనే దాచి, మూడు కంప్యూటర్ల నుంచీ చూసుకోవచ్చటగా? తుప్పుని అడిగితే "వీలవుతుంది, ఎలాగో మాత్రం గవ్వకే తెలుస్తుంది" అన్నాడు. నువ్వే చెప్పాలి. ఫోన్ చేద్దామంటే ఫోన్ వదిన కుర్చీ పక్కన ఉంటుంది. నెట్ సంగతి నీకు తెలియనిదా, ఆకాశంలోంచి చుక్కలు చుక్కలుగా రాలుతుంది.

తొందరెందుకంటావా? నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక వచ్చే శుక్రవారం విమానానికి తుప్పు బ్రిస్బేన్ వెళ్ళిపోతున్నాడు, కూతురి దగ్గరికి, మొత్తానికే. నాకేంలే. షెడ్డు ఖాళీ అవుతుంది, కోళ్ళు పెట్టుకుంటాను. తుప్పు లేకపోతే గోడకి మేకు కొట్టే దిక్కుండదని మాత్రమే ఈ తొందర.

నీ
చింపిరి

*

ఇన్వర్‌కార్గిల్
జూలై 23

చింపిరీ,

ఒకే ఒక్క పెన్‌డ్రైవ్ గురించి రాసిన ఉత్తరంలో తుప్పు పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. పెన్సిలు పెట్టి లెక్కపెట్టాను. కోళ్ళు ఒక్కసారే వచ్చాయి.

సరే, పని మాట. నువ్వడిగింది చాలా తేలిక. నా గది మూలన ఒక పాత కంప్యూటర్ పెట్టె పడుంది, దాంట్లో రెండు కొత్త డిస్కులు బిగించి ఆక్లాండ్ నుంచి వచ్చే ఓడలో వేయిస్తున్నాను. రెండెందుకంటే, ఒకటి చచ్చినా రెండోది అవే మాటలు పొల్లుపోకుండా చెబుతుంది. మీ వదినకి అలాంటి కవల ఉంటే ఊరేమైపోయేదో ఊహించుకో. పెట్టెని వదిన గదిలో పెట్టకు, వంటింట్లో ఆవిరి తగలని చోట పెట్టు. అక్కణ్ణుంచి ముందు గదికి ఒక కేబుల్, షెడ్డుకి ఒక కేబుల్. దీనికి నెట్‌తో పనిలేదు. ఆకాశం నుంచి ఒక్క చుక్క రాలకపోయినా ఇంట్లో ఇది పరిగెడుతుంది.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఏ కంప్యూటర్లో ఎవరెవరి పేర్లతో ఖాతాలున్నాయో, ఏ వరసలో చేశారో రాసి పంపు. వరస ముఖ్యం. ఎందుకని అడగకు, ప్యాంటు ఎందుకుతికావని నేనడగలేదు కదా.

ఇక అసలు ప్రశ్న. అతను వెళ్ళిపోతుంటే నీకు "ఏంలే"నా?

గవ్వ

*

నార్ఫోక్ ద్వీపం
సెప్టెంబరు 3

గవ్వా, నీ పెట్టె భూమ్మీద కాలు మోపింది!

ఓడ వచ్చి తొమ్మిది రోజులు బయటే నిలబడింది. కింగ్‌స్టన్ రేవులో అలలు, కాస్కేడ్ రేవులో అంతకన్నా పెద్ద అలలు. ఊళ్ళో వెన్న అయిపోయింది, నేను మాత్రం రోజూ కొండెక్కి ఓడకేసి చూస్తూ నిలబడ్డాను. ఎవరైనా చూస్తే ఓడలో మొగుడున్నాడనుకుంటారు. పదో రోజు సముద్రం శాంతించింది. సామాను దించే పడవలో తుప్పే ఉన్నాడు. ఓడ మీంచి వల దిగుతుండగా "ఆ చిన్న పెట్టె నాకివ్వండి!" అని అరిచి, తన రెయిన్‌కోటు విప్పి దానికి చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఒడ్డుకొచ్చాడు. తాను మాత్రం ముద్దగా తడిశాడు. రెండు రోజులు తుమ్ములే తుమ్ములు.

గుమ్మడి పాదుల మధ్య కాలువ తవ్వి కేబుల్ కూడా పూడ్చేశాడు. ఆ రోజే పక్కింటి ఆవు దాని మీద పడుకుంది. మన దీవిలో ముందు హక్కు ఆవుదే, మనం లేపకూడదు కదా, సాయంత్రందాకా ఎదురుచూశాం.

నువ్వడిగిన వరస ఇదిగో. వంటింటి కంప్యూటర్లో ముందు చింపిరి, తర్వాత పెద్దగంట, తర్వాత తుప్పు. ముందు గదిలో పెద్దగంట, చింపిరి, తుప్పు. షెడ్డులో తుప్పు, చింపిరి, పెద్దగంట. ఎవరి కంప్యూటర్లో వాళ్ళ పేరు ముందు పెట్టాం. ఎవరి కుర్చీలో వాళ్ళనే ముందు కూర్చోనిస్తామా లేదా? అదీ అలాగే. పేర్లన్నీ ముద్దుపేర్లే. ఎడ్విన్ అని పెడితే ఎవరనుకుంటాం?

ఇక నీ ప్రశ్న. చెబుతాను, నవ్వావంటే చంపుతాను.

జూన్‌లో మన దీవి పండగ, బౌంటీ డే పిక్నిక్ రోజున అందరం పాతకాలం బట్టల్లో గడ్డి మీద కూర్చున్నాం. నా నెత్తిన అమ్మమ్మ గడ్డి టోపీ, చేతిలో పిండిలో నత్తలు పెట్టి కాల్చిన హీహీ పై. తుప్పు నా పక్కన కూచుని, "చింపిరీ, నన్ను పెళ్ళి చేసుకుంటావా? కాదంటే బ్రిస్బేన్ పోతాను. రోజూ నీ ఎదురుగా ఉండి నోరు మూసుకోడం ఇక నావల్ల కాదు. థాంక్స్‌గివింగ్‌లోపు చెప్పు" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "ఇంకో ముక్క పై వేసుకో" అన్నాను.

వేసుకున్నాడు. అంతే. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. రోజూ టీ ఇస్తాను, తాగుతాడు, కప్పు కడిగి పెట్టిపోతాడు. నాకు ఒప్పుకోవాలనే ఉంది గవ్వా! అరవై ఆరేళ్ళ దాన్ని, అతని బండి చప్పుడు వినపడితే జుట్టు సర్దుకుంటున్నాను. కానీ కోలిన్ ఫోటో వదిన కుర్చీకి ఎదురుగా ఉంది. ఆవిడ రోజూ దాన్ని తుడుస్తుంది. ఆ మనిషి ముందు నిలబడి, మీ తమ్ముడి ఇంట్లో ఇంకొకడికి టీ కాదు, కంచమే పెడతానని ఏ మొహంతో చెప్పను? నోటితో చెప్పలేను, అతనికి రాసి ఇద్దామనుకున్నాను. ఈ ఇంట్లో కాగితం దాచే చోటు లేదు, వదిన ప్రతి సొరుగూ దులుపుతుంది. ఆ పెట్టెలో నాకొక్కదానికే తెరుచుకునే ఫోల్డరు ఒకటి కావాలి. తాళం ఎలా వేయాలో చెప్పు.

నీ
చింపిరి

*

ఇన్వర్‌కార్గిల్
సెప్టెంబరు 17

చింపిరీ, చింపిరీ, చింపిరీ!

నవ్వలేదు. పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది, అంతే.

"ఇంకో ముక్క పై వేసుకో" అన్నావా! పెళ్ళాడమని అడిగినవాడికి పై పెట్టిన దానివి ప్రపంచం మొత్తమ్మీద నువ్వొక్కదానివే ఉంటావు.

పెట్టెకి నేర్పాల్సినవన్నీ విడిగా కాగితం మీద రాశాను, ఉన్నదున్నట్టు కొట్టు. రెండు సంగతులు మాత్రం నొక్కి చెబుతున్నాను. మొదటిది, ఏ అర ఎవరికి తెరవాలో పెట్టెలో ఒక పట్టీ ఉంటుంది. అందులో మీ ఇంటి చిరునామాకీ, దాని వెంటనే వచ్చే బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ వదలకు. వేలెడంత ఖాళీ వదిలావంటే ఆ అనుమతి మీ ఇంటికి కాదు, కేబుల్ తగిలించిన ప్రతివాడికీ పోతుంది. రెండోది, మూడు కంప్యూటర్లూ లేవగానే పెట్టెని వెతుక్కునేలా రాసే పంక్తిలో, పెట్టె దొరకకపోయినా ఫరవాలేదు అనే మాట చేర్చడం మరిచిపోకు. లేకపోతే పెట్టె ఆపి ఉన్న రోజు అవి లేవకుండా మొండికేస్తాయి.

తాళం సంగతి. ఫోల్డరు మీద ఏడు సున్నా సున్నా అని పెట్టు. దానర్థం, యజమానికి అంతా, మిగతావాళ్ళకి సున్నా. యజమాని ఎవరో ఆ పెట్టెకి బాగా తెలుసు, దిగులుపడకు. ఫోల్డరుకి ప్రేమలేఖలు అని పేరు పెట్టకు. ఎవరూ కన్నెత్తి చూడని పేరేదైనా పెట్టు.

నంబర్ల గురించి ఇంకో కాగితం కూడా ఉంది. అది నీకు ఇప్పుడే అక్కర్లేదనిపించి ఆపాను.

గవ్వ

*

నార్ఫోక్ ద్వీపం
అక్టోబరు 15

గవ్వా,

ముందు మంచి వార్త. పనిచేసింది! వదిన ముందు గదిలో కూర్చుని కీర్తన పెట్టెలో దాచింది, తుప్పు షెడ్డులో నొక్కాడు, అంతే, వదిన ఏకకాలంలో రెండు చోట్ల పాడింది. తుప్పు చేతిలో స్పానరు కిందపడింది. కేబుల్ మీద పడుకున్న ఆవు లేచి, కంచె దాటి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. నేను వంటింట్లో గెంతాను, నిజంగానే గెంతాను, మోకాళ్ళ సంగతి మర్చిపోయి. నువ్వు చెప్పిన ఆ రెండో మాట షెడ్డు కంప్యూటర్లో మరిచిపోయాను, అది ఒక పూటంతా లేవలేదు. తుప్పు దాని ముందు టోపీ తీసి నిలబడి దణ్ణం పెట్టాడు.

నా ఫోల్డరు కూడా చేశాను. "పాత గుమ్మడి విత్తనాలు" అని పేరు పెట్టాను. ఎవరు చూస్తారు? ఏడు సున్నా సున్నా వేశాను. వదిన పేరుతో వంటింటి కంప్యూటర్లోకి వెళ్ళి తెరవబోయాను, రానివ్వలేదు. తుప్పు పేరుతో వెళ్ళాను, రానివ్వలేదు. ఆనందంతో రెండు అరటిపళ్ళ కేకులు చేశాను.

రోజూ పొద్దున్నే వదిన చర్చికి పూలు సర్దడానికి పోగానే జవాబు రాస్తున్నాను. ఇప్పటికి పదిహేడు జవాబులయ్యాయి. ఒకటి మరీ పొడవు, ఒకటి మరీ సిగ్గులేనిది. తొమ్మిదోది అతని పిక్కల గురించి. నువ్వు చూడలేదు కాబట్టి మాట్లాడకు, పడవ ఒడ్డుకి లాగేటప్పుడు చూడాలి వాటిని.

ఇక చెడ్డవార్త. గవ్వా, నా జవాబులు వాటంతటవే మారుతున్నాయి!

మొదట నాలుగోదాంట్లో ఒక తప్పు దానంతటదే దిద్దుకుంది. నేనే దిద్ది మరిచిపోయానేమో అనుకున్నాను. తర్వాత పన్నెండోదాంట్లో "బహుశా" అన్న మాట ఎగిరిపోయింది. నిన్న పొద్దున్న పదిహేడోది తెరిచాను. అందులో నేను "కోలిన్ పోయి తొమ్మిదేళ్ళే అయింది. వదిన మొహం చూసి ఎలా చెప్పను?" అని రాసి ఉంచాను. దాని కిందనే, నేను రాయని వాక్యం. "వదిన మొహాన్ని అడ్డం పెట్టుకోకు. వదిన మొహం బాగానే ఉంది."

తాళం వేసి ఉంది, నేను తప్ప తెరిచేవాళ్ళు లేరు. అలా గదమాయించేవాడు ఒక్క కోలినే. బతికున్నన్నాళ్ళూ కంప్యూటరుని వేలితో ముట్టుకోలేదు, చచ్చాక నేర్చుకున్నాడా? ఇప్పుడు పెట్టె మీద దీపం ఊరికే మిణుకుమన్నా లేచి పెరట్లోకి పోతున్నాను. ఫోటోకేసి చూస్తే నవ్వుతున్నట్టుంది. అంటే ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుందనుకో.

దయ్యమా, డిస్కు పోయిందా? వెంటనే రాయి. థాంక్స్‌గివింగ్ ఆరు వారాల్లో ఉంది, నా జవాబు ఇంకా అతనికి చేరలేదు.

చింపిరి

*

ఇన్వర్‌కార్గిల్
అక్టోబరు 29

చింపిరీ,

దయ్యం కాదు. డిస్కులు రెండూ భేషుగ్గా ఉన్నాయి. కూర్చుని చదువు. పక్కన కత్తిలాంటిదేమీ లేకుండా చూసుకో.

మన ఊళ్ళో మనిషంటే పేరే, అదీ ముద్దుపేరు. ఆ పెట్టెకి పేర్లు పట్టవు. పేరన్నది మనం చదువుకోడానికి తగిలించిన పలక మాత్రమే. అది చూసేది నంబరు. ప్రతి లైనక్స్ కంప్యూటర్లోనూ మొట్టమొదట చేసిన ఖాతాకి వెయ్యి, తర్వాతిదానికి వెయ్యిన్నొకటి, అలా ఇచ్చుకుంటూ పోతుంది. వంటింట్లో మొదట నువ్వు. ముందు గదిలో మొదట వదిన. షెడ్డులో మొదట తుప్పు. మీరు మర్యాద పాటించారు కదా, ముగ్గురూ వెయ్యే అయ్యారు. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు కూర్చుని తలుపు తడితే, పెట్టె "ఎవరు?" అంటుంది. "వెయ్యి" అంటారు. "ఓహో, యజమానే, దయచేయండి" అంటుంది. నువ్వు వంటింట్లో కూర్చుని పరీక్షించావు కాబట్టి నీకు తాళం కనపడింది.

మూడు కంప్యూటర్లలోనూ ఎవరి నంబరు వాళ్ళకి ఒకటే ఉండేలా చూడాలి. నేను ఆపిన కాగితంలో ఉన్నది అదే.

అవును, నాకు తెలుసు. నువ్వు వరస రాసి పంపిన రోజే తెలిసింది. తెలిసే ఆపాను. నువ్వు పదిహేడు కాదు, నూట డెబ్భై రాస్తావు, ఒక్కటీ ఇవ్వవు. అతనికి విమానం ఉంది. వదినకి కూడా తెరుచుకుంటుందని తెలిసినా, ఆవిడ కంప్యూటర్లో కీర్తనలు తప్ప ఏమీ తెరవదులే అనుకున్నాను. అది నా తప్పు లెక్క.

నన్ను తిట్టు.

గవ్వ

*

నార్ఫోక్ ద్వీపం
నవంబరు 7

గౌరవనీయులైన ఫెనెల్లా గారికి,

తమరి ఉత్తరం అందినది. తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ ఒకరు క్షేమంగా లేరు.

తమరి వివరణ చదివిన పిమ్మట ఫోల్డరు మొత్తం మొదటినుంచీ చూసుకున్నాను. దిద్దిన తప్పులన్నీ వదిన దిద్దినవే, ఆవిడ ముప్ఫై ఏళ్ళు చర్చి పత్రిక దిద్దిన మనిషి. నాలుగో జవాబులో నేను "నీకు డబ్బా పాలు వేసిన టీ అంటే ప్రాణం, బ్రిస్బేన్‌లో అలా ఎవరిస్తారు?" అని రాశాను. దాని కింద ఇంకెవరిదో వాక్యం ఇప్పుడు కనపడింది. "నాకు డబ్బా పాలు పడవు. ఏడేళ్ళుగా తాగుతున్నాను, ఇచ్చేది నువ్వని."

ఏడేళ్ళు, ఫెనెల్లా గారూ! ఏడేళ్ళు రోజుకి రెండు కప్పులు!

వాళ్ళిద్దరూ ఆ ఫోల్డరు ఎందుకు తెరిచారో కూడా తెలిసింది. థాంక్స్‌గివింగ్‌కి చర్చిలో పేర్చడానికి ఊరంతా గుమ్మళ్ళు పెంచుతోంది. ఈ నెలల్లో ఈ దీవిలో విత్తనాలని పేరు పెట్టి రహస్యం దాచుకున్న బుద్ధిమంతురాలు ఎవరు? నేను. వదిన విత్తనాల చిట్టా అనుకునే తెరిచిందట. తుప్పూ అలా అనుకునే తెరిచాడట. ఈ సంగతి వాళ్ళు నాతో చెప్పలేదు, ఒకరితో ఒకరు చెప్పుకుంటుంటే కిటికీ దగ్గర విన్నాను. "పిక్కల దాకా వచ్చావా?" అని వదిన అడిగింది. "వచ్చాను" అన్నాడు. ఇద్దరూ ఎంతసేపు నవ్వారో!

నా రహస్యం నాది. ఇవ్వాలా వద్దా అన్నది నా ఇష్టం. పదిహేడుసార్లు రాసి ఇవ్వకపోవడం కూడా నా ఇష్టమే. బడినాటి స్నేహితురాలు నా తాళం చెవి నాకు తెలియకుండా ఇంకొకరి చేతిలో పెడుతుందని నేననుకోలేదు. చాలా కష్టంగా ఉంది.

ఈ ఉదయం అతనికి డబ్బా పాలు వేయకుండా టీ ఇచ్చాను. కప్పులోకి చూశాడు. నా వంక చూశాడు. తాగి, కప్పు కడిగిపెట్టి, చెవులదాకా ఎర్రబడి వెళ్ళిపోయాడు.

నంబర్ల కాగితం వెంటనే పంపగలరు.

ఇట్లు,
ఎట్టీ నాబ్స్

*

ఇన్వర్‌కార్గిల్
నవంబరు 15

ఎట్టీ,

నిన్ను చింపిరీ అని పిలిచే హక్కు నాకు ఇప్పుడు లేదు, తిరిగి ఇస్తే తీసుకుంటాను.

నువ్వు రాసింది నిజం. నేను చేసింది తప్పు. తమాషాగా మొదలుపెట్టాను, కానీ తాళం నీది, నేను ముట్టుకోకూడదు. నన్ను క్షమించు.

నంబర్ల కాగితం జతచేశాను. వదినకి వెయ్యిన్నొకటి, తుప్పుకి వెయ్యిన్ని రెండు అని మూడు కంప్యూటర్లలోనూ ఒకేలా మార్చు, వాళ్ళ పాత ఫైళ్ళు కూడా వాళ్ళ కొత్త నంబర్లకి రాసివ్వు. పావుగంట పని. ఆ తర్వాత నీ అర నీకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. తుప్పు వెళ్ళేలోపు మార్చుకోవచ్చు, వెళ్ళాకా మార్చుకోవచ్చు.

ఒక్కటే చెబుతాను, సాకుగా కాదు. నేను దీవి వదిలి వచ్చిన ఏడాది ఒకతను నన్నూ ఒక మాట అడిగాడు. జవాబు రాశాను. బాగా లేదని తిరగరాశాను. మంచి కాగితం మీద రాద్దామని ఆగాను. అది ఇప్పటికీ నా చేతిసంచి లోపలి జేబులో ఉంది. అతను లేడు.

నువ్వు నన్ను తిట్టిన ఉత్తరం కూడా ఆ జేబులోనే పెట్టుకున్నాను. వాటి సంగతి అవే చూసుకుంటాయి.

ఫెనెల్లా

*

నార్ఫోక్ ద్వీపం
నవంబరు 29, శుక్రవారం

ఒసేయ్ పాపిష్టి గవ్వా,

బ్రిస్బేన్ విమానం ఇప్పుడే మా కప్పు మీంచి వెళ్ళింది. వదిన బయటికొచ్చి దానికి చెయ్యూపింది. ఎవరికి ఊపుతున్నావు వదినా అంటే, "ఖాళీ సీటుకి!" అంది.

వరసగా చెప్పనీ, లేకపోతే నా బుర్ర పగిలిపోతుంది.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. చేతిసంచి దగ్గరికొచ్చేసరికి ఏడ్చాను. నీమీద కోపం ఉంచుకుందామని చాలా ప్రయత్నించాను, నిలవలేదు. నీ పేరు నీకు తిరిగి ఇచ్చేశాను, తీసుకో.

మంగళవారం నంబర్లు మారుద్దామని కూర్చున్నాను. కాగితం ముందుంది, వేలు మీట మీదుంది. మారిస్తే నా అర నాదే. అతను శుక్రవారం వెళ్ళిపోతాడు, నేను పద్దెనిమిదోది, పంతొమ్మిదోది రాసుకుంటూ హాయిగా తాళం వేసుకుని చస్తాను. అంత భద్రత ఎవడిక్కావాలి గవ్వా? కాగితం మడిచి చక్కెర డబ్బా కింద పెట్టాను.

బుధవారం థాంక్స్‌గివింగ్. పొద్దున్నే వదిన మంచి గౌను వేసుకుని ముందు గదిలో కీర్తనల వరస చూసుకుంటోంది. తుప్పు షెడ్డులో తాను పెంచిన గుమ్మడికాయని చర్చికి తీసుకెళ్ళడానికి తడిగుడ్డతో తుడుస్తున్నాడు. నేను వంటింట్లో కూర్చుని కొత్త ఫైలు తెరిచాను. "పద్దెనిమిదో జవాబు" అని పేరు పెట్టాను. లోపల ఒకే ఒక్క మాట రాశాను.

సరే.

దాచాను. పెట్టె మీద దీపం మిణుకుమంది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పిండి డబ్బా మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. చూడలేదేమో, చెరిపేద్దామా అనుకుంటున్నాను, అప్పుడు ముందు గదిలో కుర్చీ ధడాలున వెనక్కి పడింది. కిటికీ తెరుచుకుంది. మన పెద్దగంట మోగింది.

"తుప్పూ! ఒరేయ్ తుప్పూ! గుమ్మడికాయ కింద పెట్టి విత్తనాలు తెరవరా!"

కింగ్‌స్టన్‌లో వినపడిందట. షెడ్డులో ఏదో దొర్లింది, గుమ్మడికాయే అది, వాలుగా దొర్లుకుంటూ పెరట్లోంచి రోడ్డు మీదికి పోయింది. దాని వెనక తుప్పు రాలేదు. నేను ఫైలు మళ్ళీ తెరిచాను. కింద ఇద్దరి కొత్త రాతలున్నాయి. ఒకటి, "తమ్ముడి ఫోటోకి చెప్పాను. వాడికేం అభ్యంతరం లేదు. చుక్క సరైన చోటే పెట్టావు." రెండోది, "డబ్బా పాలు వేసినా తాగుతాను."

తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో తడిగుడ్డ. చెవులు బీట్‌రూట్ దుంప రంగులో ఉన్నాయి.

"చింపిరీ, నిజంగానేనా?" అన్నాడు.

"ఇంకో ముక్క పై వేసుకో" అన్నాను. అలవాటైపోయింది. పై కూడా లేదు అక్కడ.

ఆ తర్వాత జరిగింది నీకు రాయను, పక్కింటావిడ మళ్ళీ తలుపు కొడుతుంది.

వదిన వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "నేను ఫోటో తుడిచేది దుమ్ము పడుతుందనే పిల్లా, నిన్ను కాపలా కాయడానికి కాదు. నాకు అభ్యంతరముంటే తొమ్మిదేళ్ళు చెప్పకుండా మూగనోము పట్టేదాన్ననుకున్నావా? నా గొంతుకి అది సాధ్యమా?" అంది. ఇద్దరం ఏడుస్తుంటే తుప్పు కెటిల్ పెట్టాడు. మా ఇంట్లో మగవాడు కెటిల్ పెట్టడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

రోడ్డు మీద ఆగిన గుమ్మడికాయని ఎవరో ఎత్తి చర్చికి చేర్చారు. చర్చిలో మొక్కజొన్న కంకుల పక్కన దాన్ని పేర్చి ఉంచారు, పక్కన పెద్ద సొట్ట. మేం ముగ్గురం లోపలికి రాగానే అందరూ తల తిప్పి చూసి నవ్వారు. ఫాదర్ గారు "ఏమ్మా ఎట్టీ, విత్తనాలు దొరికాయటగా?" అన్నారు.

పెళ్ళి జనవరి మూడో శనివారం. తుప్పు కూతురు బ్రిస్బేన్ నుంచి వస్తోంది, ఖాళీ సీటు లెక్క అలా సరిపోతుంది.

నంబర్ల సంగతి. నిన్న మేం ముగ్గురం దాని గురించి కూర్చుని మాట్లాడుకున్నాం. మా ఇద్దరికీ వెయ్యే ఉంచి, వదినకి వెయ్యిన్నొకటి ఇద్దామన్నాను. వదిన ఒప్పుకోలేదు. "ఈ ఇంటికి ఎప్పుడైనా తాళం వేశామా? నేనూ వెయ్యే. మీరిద్దరూ రాసుకునేవాటిలో తప్పులెవరు దిద్దుతారు?" అంది. కాబట్టి ముగ్గురం వెయ్యిగానే ఉండిపోయాం.

నువ్వొచ్చినప్పుడు వాడుకోడానికి వంటింటి కంప్యూటర్లో నీకూ ఒక ఖాతా చేశాను, గవ్వ అనే పేరుతోనే. నీ నంబరు మాత్రం రెండు వేలు. పాత గుమ్మడి విత్తనాలు నీకు తెరుచుకోదు, నిన్ను నేను చచ్చినా నమ్మను. తెరవాలనుంటే ఆ చేతిసంచి పట్టుకుని పెళ్ళికి రా, వచ్చి నా ఎదురుగా నిలబడి అడుగు.

నీ
చింపిరి